ఇరవై మూడో పేజీ

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. లోపల రికార్డుల ఆఫీసరు నేల మీద కూర్చుని ఉన్నాడు. నిద్రపోతున్నాడేమో అనుకుని టైపిస్టు భుజం తట్టింది. ఆయన మెల్లగా పక్కకి ఒరిగిపోయాడు. కోటు జేబు బయటికి లాగేసి ఉంది, చేతిలో ఎప్పుడూ ఉండే బ్రీఫ్‌కేసు లేదు.

అరగంట తర్వాత సూది పెద్దాయన గదిలో నిలబడ్డాడు. సూది అన్నది ఆఫీసు పెట్టిన పేరు. మనిషి అంత సన్నం. నలభై ఏడేళ్లవాడు, ఏజెంటు కాకముందు పదేళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్, అంటే మెషీనుకి గుండెలాంటి ప్రోగ్రాం, రాసిన ఇంజనీరు. పెద్దాయన ఆ విభాగానికి అధిపతి. ఆయన ఎవర్నీ కూర్చోమనడు, ఎవరూ కూర్చోరు.

"జాబితా పోయింది," అన్నాడు పెద్దాయన.

"మొత్తమా?"

"మొత్తం. అది దాచిన మెమరీ స్టిక్కూ పోయింది, ముద్ర నంబరు రాసిన చీటీ కూడా పోయింది."

కూర్చోమని చెప్పకుండానే సూది కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పదకొండేళ్ల సర్వీసులో అదే మొదటిసారి.

శత్రు దేశపు ఆఫీసుల్లో ఉంటూ రహస్యంగా మన కోసం పనిచేసేవాళ్ల జాబితా అది. ఇరవై ఇద్దరు. ఐదేళ్ల కిందట దాన్ని తయారుచేసింది సూదే. అప్పుడు ఇరవై ముగ్గురు, రెండేళ్ల కిందట ఒకరిని తీసేశామన్నాడు పెద్దాయన. మనిషికో పేజీ. పేజీ అంటే మెషీను లెక్కలో నాలుగు కిలోబైట్లు. అందులో బొటనవేలంత ఫోటో, పేరు, ఇల్లు, పనిచేసే చోటు, ఏ వేళ ఒంటరిగా దొరుకుతారో ఆ వివరం. చిట్టచివరి పేజీ సూది చెల్లెలిది. శత్రువుల వాణిజ్య కార్యాలయంలో ఆమె అనువాదకురాలు. ఆమెను ఈ పనిలోకి దింపింది అన్నే. అన్నం తింటూ, చిన్న పనే అన్నాడు ఆ రోజు. "నువ్వు చెబితే సరే అన్నయ్యా," అందామె, కూర వడ్డిస్తూ. ఆ మాట ఇప్పటికీ అతని చెవిలో ఉంది.

పెద్దాయన పొడిపొడిగా చెప్పుకుపోయాడు. స్టిక్ కాజేసిన ముఠా ఊళ్లోనే ఉంది. తొమ్మిదో అంతస్తులో సర్వే కంపెనీ బోర్డు పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం మూడింటికి వాళ్ల దేశం నుంచి అతిథి వస్తాడు, జాబితా చదువుతాడు. ఈ కబురు పంపింది మేడమ్. మేడమ్ అంటే ముఠా ఆఫీసు మేనేజరు, రెండేళ్ల కిందట అక్కడ చేరిన మన మనిషి. ఇంతవరకూ మన మనిషేనని పెద్దాయన అన్నప్పుడు ఆ 'ఇంతవరకూ' సూదికి నచ్చలేదు.

"చెరిపేస్తాను సార్," అన్నాడు సూది.

"కుదరదు. అతిథి చదివే ముందొకసారి, చదివాక ఒకసారి ముద్ర చూస్తాడు. ఫైలు మొత్తం కూడితే చీటీలో ఉన్న నంబరు రావాలి. ఒక్క అక్షరం మారినా తేడా కొడుతుంది."

"తేడా కొడితే?"

"వాణిజ్య కార్యాలయంలో వాళ్లకి ఏడుగురి మీద అనుమానం. జాబితా సరైనదైతే అందులో ఉన్నవాళ్లని పట్టుకుంటారు. కాకపోతే ఏడుగురినీ ఏరేస్తారు. ఏడుగురిలో మీ చెల్లెలుంది."

చదివితే చెల్లెలు పోతుంది, చదవనివ్వకపోయినా పోతుంది. సూది తలెత్తి, పేజ్ ఫాల్ట్ దగ్గర నిలబడతాను సార్ అన్నాడు.

పెద్దాయనకి అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అది మామూలు స్టిక్ కాదు, మెషీను లోపలి మెమరీలో కూర్చునే రకం, అయినా కరెంటు పోతే మరిచిపోదు. మామూలు డిస్కులో ఫైలు తెరిస్తే ముందు దాని నకలు మెమరీలోకి వస్తుంది, మనం చదివేది ఆ నకలునే. ఇందులో మధ్యన నకలు ఉండదు. నిల్వ ఉన్నచోటే చదవడం, నిల్వ ఉన్నచోటే రాయడం. ఎక్కడా నకలు మిగలకూడదనే ఆఫీసు దీన్ని ఎంచుకుంది. అయితే ఫైలు తెరవగానే పేజీలన్నీ ప్రోగ్రాం చేతికి వచ్చేయవు. ఏదైనా పేజీని మొదటిసారి ముట్టుకోబోతే, దానికి ఇంకా దారి లేదు కాబట్టి ప్రాసెసర్ అక్కడే ఆపేస్తుంది. అదే పేజ్ ఫాల్ట్. పేరుకి ఫాల్ట్ అంటారుగానీ తప్పేం లేదు, అది దారి వేయమని కోరడమే. అప్పుడు కెర్నెల్‌లో ఈ పని చూసే హ్యాండ్లర్ లేచి, ఆ పేజీ స్టిక్‌లో ఎక్కడుందో వెతికి, నేరుగా అక్కడికి దారి వేసి, ఇక పో అంటుంది. మధ్యలో తను ఆగినట్టు ప్రోగ్రాంకి తెలియనే తెలియదు.

"ఆ దారి వేసే చోట మన హ్యాండ్లర్ పెడతాను. అసలు పేజీకి బదులు మనం రాసిన పేజీకి దారి వేస్తుంది. ఫైలు ముట్టుకోను. ముద్ర చూసే ప్రోగ్రాం ఈ దారిన రాదు, ఫైళ్ల లెక్క చూసే ఫైల్‌సిస్టమ్‌ని అడిగి చదువుకుంటుంది, దానికి అసలే కనిపిస్తుంది. అతిథి కంటికి మాత్రం మనది."

"మనం ఎవర్ని చూపిస్తాం?"

అడిగిన పెద్దాయనే జవాబు కూడా చెప్పాడు.

"పోయినవాళ్లని చూపిద్దాం," అన్నాడు. "ఆ ఆఫీసుల్లోనే పనిచేసి ఈ రెండేళ్లలో రోగమొచ్చి పోయినవాళ్లు. వాళ్లని మళ్లీ చంపలేరుగా."

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఇరవై రెండు పేజీలు తయారయ్యాయి.

* * *

రెండు గంటల ఐదు నిమిషాలకు బూడిదరంగు యూనిఫారంలో, దురద పెట్టే పెట్టుడు మీసంతో, సూది తొమ్మిదో అంతస్తులో దిగాడు. మెడలో కంప్యూటర్ మెకానిక్ కార్డు. చెవిలో వినికిడి మిషను, అందులో పెద్దాయన. చేతిలో స్క్రూడ్రైవర్, దాని పిడిలో పెన్‌డ్రైవు. జేబులో అరచేయంత స్క్రీను. ముఠా మెషీను ఆ కొత్తరకం స్టిక్‌ని గుర్తుపట్టడం లేదు, అందుకే మెకానిక్‌ని పిలిపించారు. పిలిపించిందీ మేడమే.

ఆమె రావడానికి ముందే సెంటు వాసన వచ్చింది. ముదురాకుపచ్చ పొడుగు కోటు, మెడ దాకా కత్తిరించిన జుట్టు, చెవులకి ఎర్రరాళ్లు. ఆమె నడుస్తుంటే ఆఫీసులో టైపింగు ఆగిపోయి, దాటిపోయాక మళ్లీ మొదలైంది.

"గాలి ఎటునుంచి వస్తోంది?" అని అడిగింది.

"కిటికీ లేనివైపు నుంచి మేడమ్."

అదీ కోడ్. ఎవరు పెట్టారోగానీ, పట్టుబడకూడదనుకునేవాడు పెట్టింది మాత్రం కాదు.

సర్వర్ గది చిన్నది. ఫ్యాన్ల రొదకి లోపలి మాట గుమ్మం దాటదు. సూదికి అదొక్కటే కలిసొచ్చింది. ఒకవైపు గోడ మొత్తం అద్దం, అవతల మీటింగు గది. ముఠా ఛీఫ్ పళ్లపుల్ల నములుతూ వచ్చి రెండు షరతులు చెప్పాడు. అతిథి వెళ్లేదాకా బయటి నెట్‌వర్క్ కేబుల్ పెట్టకూడదు. అతిథి చదవడం అయ్యేదాకా మెకానిక్ ఈ గది దాటకూడదు. ఊడదీసిన కేబుల్ కొస చూపించి, తలుపుకి బయట తాళం వేసుకుని వెళ్లిపోయాడు.

రెండు ముప్పైకి స్టిక్ కూర్చుంది, మెషీను గుర్తుపట్టింది. ఆ నిమిషం నుంచీ స్టిక్ వాళ్ల సర్వర్‌లో భాగం. రెండు ముప్పై ఆరుకి స్క్రూడ్రైవర్ పిడిలోంచి సూది హ్యాండ్లర్ కెర్నెల్‌లోకి ఎక్కింది. ఒకసారి పరీక్షించి చూసుకోవడం అతని అలవాటు. ఫైలులో మొదటి ఐదు పేజీలు ముట్టుకునే చిన్న ప్రోగ్రాం నడిపాడు. ఐదు ఫాల్టులు రావాలి, ఐదుసార్లు హ్యాండ్లర్ లేవాలి.

ఫాల్టులు ఒకటి. హ్యాండ్లర్ లేచినవి సున్నా.

మళ్లీ నడిపాడు. ఒకటి, సున్నా.

ఎందుకో అర్థం కావడానికి అర నిమిషం కూడా పట్టలేదు. కెర్నెల్‌కి ఒక సుఖం మరిగిన అలవాటుంది. ఫైలు రెండు మెగాబైట్ల నిడివిన, సరిగ్గా హద్దు మీద మొదలై, ఒకే ముక్కగా పరిచి ఉంటే, చిన్న పేజీలకి ఒక్కొక్కదానికీ దారి వేస్తూ కూర్చోదు. ఐదువందల పన్నెండు పేజీలకీ కలిపి ఒకే పెద్ద పేజీగా ఒక్క ఫాల్టుతో దారి వేసేస్తుంది. సూది హ్యాండ్లర్ చిన్న పేజీల దారిలో కాపు కాస్తోంది, అటువైపు ఎవరూ రావడం లేదు. మరి ఆ ఫైలుని అంత ముచ్చటగా, హద్దు మీద, ఒకే ముక్కగా పరిచిందెవరు? ఐదేళ్ల కిందట తనే. వేగం కోసమట. ఇరవై రెండు పేజీలకి వేగమేమిటి? పనితనం చూపించుకోవడం తప్ప ఇంకేమీ కాదు. ఆ రోజు పెద్దాయన భుజం తట్టాడు కూడా. ఆ పనితనమే ఇప్పుడు చెల్లెలి మెడకి చుట్టుకుంది, తన చేతులని తనే నరుక్కోవాలనిపించింది సూదికి.

పెద్ద పేజీ కోసం వేరే హ్యాండ్లర్ రాయాలంటే పూట పడుతుంది. ఉన్నది ఇరవై నిమిషాలు.

చెమట కళ్లలోకి కారుతుంటే తుడుచుకుని ఆలోచించాడు. ఆ రెండు మెగాబైట్లలో ఒక్క చిన్న పేజీ లోపించినా కెర్నెల్ పెద్ద దారి వేయలేదు, చచ్చినట్టు చిన్న పేజీల దారికి దిగాల్సిందే. ఐదువందల పన్నెండింటిలో మనుషులున్నవి మొదటి కొన్నే. మిగతావన్నీ సున్నాలు. నాలుగు వందల నంబరు పేజీకి చిల్లు పెట్టి దాని చోటు తిరిగి ఇచ్చేస్తే సరి. చిల్లుని చదివినా సున్నాలే వస్తాయి, అక్కడ ముందున్నవీ సున్నాలే. ముద్ర మారదు. సూది కమాండు కొట్టి ఎంటర్ నొక్కాడు.

కమాండు తిరిగి రాలేదు.

రెండు నలభై ఐదు. రెండు నలభై ఆరు. కర్సరు కదల్లేదు.

"ఏమైందయ్యా?" అంది చెవిలో గొంతు.

"ఆ పేజీని ఎవరో పట్టుకుని ఉన్నారు సార్."

నకలు ఉండే చోటైతే నకలు వాళ్ల చేతిలో వదిలేసి అసలు లాక్కోవచ్చు. ఇక్కడ నకలు లేదు, పట్టుకున్నవాడి చేతిలో ఉన్నది అసలే. వాడు వదలకముందే ఆ చోటు ఇంకో ఫైలుకి ఇచ్చేస్తే, వాడు ఇంకొకరి సొత్తులో చెయ్యి పెట్టినట్టవుతుంది. అందుకని కెర్నెల్ వాడు వదిలేదాకా ఎదురుచూస్తుంది. ఎంతసేపైనా చూస్తుంది. దానికి మూడింటికి అతిథి రావడం లేదు.

పట్టుకున్నదెవరని సూది అడిగితే మెషీను చెప్పింది. నెట్‌వర్క్ కార్డు. కేబుల్ లేని కార్డు. ఈ జాగా మొత్తం చేతిలో పట్టుకో, కేబుల్ పెట్టగానే బయటికి పంపు అని ఎవరో దానికి పురమాయించారు. స్టిక్ ఎక్కిన నిమిషంలోనే. ఆ సర్వర్ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఇద్దరు. ఒకడు కేబుల్ ఊడదీసినవాడు.

తాళం తిరిగింది. రెండోవాళ్లు కాఫీ కప్పుతో లోపలికి వచ్చారు.

"మీ ప్రోగ్రాం ఆపండి మేడమ్," అన్నాడు సూది.

"ఏ ప్రోగ్రాం?"

"నెట్‌వర్క్ కార్డు పట్టుకున్నది."

ఆమె కప్పు బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసింది. బుకాయించలేదు. "అది నా ఇన్సూరెన్సు. మీవాళ్లు నన్ను నమ్మరు, వీళ్లూ నమ్మరు. ఆ జాబితా నా దగ్గరుంటే ఇద్దరూ నా జోలికి రారు. దీని కోసం రెండేళ్లు ఓపిక పట్టాను."

సూది బతిమాలాడు. అందులో తన చెల్లెలుందని చెప్పాడు. ఏజెంటు చెప్పకూడని మాట, ఆ మాట అవతలివాళ్ల చేతికిస్తే ఏమవుతుందో తెలిసీ చెప్పాడు. ఆమె విన్నది, జాలిపడ్డది కూడా. అందరికీ ఎవరో ఒకరు ఉంటారంది. కార్డు మాత్రం పేజీని వదల్లేదు.

అద్దం అవతల ఛీఫ్ లేచి నిలబడ్డాడు. అతిథి చెప్పిన టైముకి ముందే వచ్చాడు. పొట్టి మనిషి, బడిపంతులులా శుభ్రంగా ఉన్నాడు. జేబులోంచి చీటీ తీసి బల్ల మీద పరిచాడు. పొద్దున రికార్డుల ఆఫీసరు జేబులో ఉన్న చీటీ. మొదటి ముద్ర కూడడం మొదలైంది. టైము రెండు యాభై రెండు.

ఇక చేయడానికేమీ లేక, చేతులు ఊరుకోలేక, సూది అరచేతి స్క్రీను తీశాడు. తన పరీక్షలో ముట్టుకున్న ఐదు పేజీలు అందులో ఉన్నాయి. లెక్క తప్పిన కంగారులో ఆ పేజీల్లో ఎవరున్నారో చూడనేలేదు. ఇప్పుడు చూశాడు. మొదటి పేజీలో ఒకమ్మాయి. పొడుగు జడ, చెవులకి ఏమీ లేవు, ఇంకా ఎవర్నీ మోసం చేయని మొహం.

అతను స్క్రీను ఆమె వైపు తిప్పాడు.

మేడమ్ చాలాసేపు చూసింది. "తీసేశామన్నాడు మీ పెద్దాయన," అంది. "రెండేళ్ల కిందట. ఒట్టేసి చెప్పాడు."

సూది చెవిలో పెద్దాయన పలికాడు. "తీయించలేదయ్యా. ఆవిడ చేజారిపోతే పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలనుకున్నాను. నీక్కూడా చెప్పలేదు."

ఆ మాటలు ఆమెకి వినపడలేదు. సూది మొహం చూసి తెలుసుకుంది. అతన్ని పక్కకి జరిపి కీబోర్డు ముందు నిలబడి రెండు లైన్లు కొట్టింది. కార్డు వదిలేసింది. పన్నెండు నిమిషాలుగా బిగుసుకుపోయిన కమాండు, ఏమీ జరగనట్టు, పూర్తయిందని చెప్పింది.

సూది పరీక్ష మళ్లీ నడిపాడు. ఐదు ఫాల్టులు. హ్యాండ్లర్ ఐదుసార్లు లేచింది. ఐదుగురు పోయినవాళ్లు వరసగా కనిపించారు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"మీ దగ్గర పోయినవాళ్లు ఎంతమంది ఉన్నారు?" అని అడిగింది మేడమ్.

"ఇరవై ఇద్దరు."

"నన్ను తీయలేదు కదా. అయితే అసలు జాబితాలో ఎంతమంది?"

ఇరవై ముగ్గురు. చివరి పేజీ ఇరవై మూడోది. హ్యాండ్లర్‌ని అతనే రాశాడు. మన దగ్గర ఆ నంబరు పేజీ లేకపోతే అసలుకే దారి వెయ్యి, వెనకున్న ఖాళీలు ఖాళీలుగానే కనబడాలి కదా అని. ఇరవై రెండు పేజీల దాకా పోయినవాళ్లు కనబడతారు. ఇరవై మూడో పేజీలో బతికున్న చెల్లెలు కనబడుతుంది, ఆదివారం సాయంత్రాలు ఎక్కడ ఒంటరిగా ఉంటుందో ఆ వివరంతో సహా.

మొదటి ముద్ర సరిపోయింది. అతిథి కళ్లజోడు తుడుచుకుని ఫైలు తెరిచాడు. సూది ముందున్న ఫాల్టుల లెక్క ఒకటికి మారింది.

నకళ్లు ఉండకూడదని వాళ్ల నియమం. అందుకని అతిథి ఒక్కో పేజీ చూసి, పెన్సిలుతో నోటు పుస్తకంలో చేత్తో రాసుకుంటున్నాడు. పేజీకి ఇరవై సెకన్లు. రెండు. మూడు. సూది ముందుగా ఒకే ఒక్క పని చేశాడు. ఇరవై మూడో పేజీ కోసం ఫాల్ట్ వస్తే దారి వేయకు, నేను చెప్పేదాకా ఆపు అని హ్యాండ్లర్‌కి చెప్పాడు. ఆ తర్వాత బుర్ర పనిచేయడం మానేసింది.

ఊహించి ఓ మనిషిని రాయొచ్చు. కానీ అలాంటివాడు లేడని వారంలో తేలుతుంది, అప్పుడు మళ్లీ ఏడుగురూ. నిజమైన మనిషి కావాలి. ఫోటో కావాలి. తనని తనే రాసుకుందామంటే, ఆ మొహం అద్దం ఇవతల మెకానిక్‌కి ఉంది. తొమ్మిది. పది. పదకొండు.

"నన్ను రాయి," అంది చెవిలో గొంతు.

"సార్?"

"వాణిజ్య కార్యాలయంలో గడియారాలు బాగుచేసే ముసలాయన ఉన్నాడు. నెలకి రెండుసార్లు వస్తాడు, అన్ని గదులూ తిరుగుతాడు. ఆ ముసలాయన నేనే. ఐదేళ్లుగా వెళ్తున్నాను."

"ఎందుకు సార్?"

"ఎందుకేంటయ్యా? నీ చెల్లెల్ని అక్కడ పెట్టింది నా సంతకమే. బాగుందో లేదో ఎవరో ఒకరు చూడొద్దూ? నాకు బాబాయిగారూ అని టీ కూడా ఇస్తుంది. రాయి."

"మీరు బతికే ఉన్నారు సార్."

"సాయంత్రానికి ఉండను. ఆ ఏర్పాట్లు ఆఫీసు చూసుకుంటుంది. టైము లేదు, రాయి."

ఫోటో అరచేతి స్క్రీనులోనే ఉంది, పెద్దాయన ఫోను చేసినప్పుడల్లా కనబడేది. పేరు. ఇల్లు. ఆయన చెబుతుంటే రాశాడు. ఆ పేరు సూదికి పదకొండేళ్లుగా తెలియదు. పంతొమ్మిది. ఇరవై. పేజీ నిండాలి, సరిగ్గా నాలుగు కిలోబైట్లు, ఫోటో తన చోటులో ఉండాలి. ఇరవై రెండు.

ఇరవై మూడో ఫాల్ట్ వచ్చింది.

హ్యాండ్లర్ పట్టుకుని నిలబడింది. అద్దం అవతల స్క్రీను స్తంభించిపోయింది. అతిథి పెన్సిలు ఎత్తి పట్టుకుని ఎదురుచూశాడు. పది సెకన్లు. ఛీఫ్ నోట్లో పళ్లపుల్ల ఆగింది. ఇరవై సెకన్లు. ఛీఫ్ లేచి, తాళంచెవుల గుత్తి ఆడించుకుంటూ సర్వర్ గది వైపు వచ్చాడు. చెల్లెలికీ ఆ స్క్రీనుకీ మధ్య ఇప్పుడున్నది తెగని ఒక ఫాల్ట్, అంతే.

మేడమ్ చల్లారిపోయిన కాఫీ కప్పు తీసుకుని ఎదురెళ్లింది. గుమ్మంలో ఇద్దరూ ఢీకొన్నారు. కప్పెడు కాఫీ ఛీఫ్ తెల్లచొక్కా మీద పడింది. ఆమె అయ్యయ్యో అంటూ చేతిరుమాలుతో తుడవడం మొదలుపెట్టింది. తుడిచినకొద్దీ మరక పెద్దదైంది.

"ఒంటరిగా ఎప్పుడు దొరుకుతారు సార్?" అన్నాడు సూది, పెదవులు కదపకుండా.

"పొద్దున ఆరింటికి నడకకి వెళ్తాను. ఒక్కణ్ణే. మా ఆవిడ పోయాక ఎప్పుడూ ఒక్కణ్ణేలే. అలాగే రాసెయ్యి."

సూది ఎంటర్ నొక్కాడు. హ్యాండ్లర్ దారి వేసింది. ప్రోగ్రాం ఆగినచోట మొదలైంది, నలభై సెకన్లు ఆగానన్న సంగతి దానికి తెలియదు. అతిథి స్క్రీను మీదికి వంగాడు. నెరిసిన జుట్టు ముసలాయన మొహం చూసి తల పంకించి, పెన్సిలు కాగితం మీద పెట్టాడు.

"ఎందుకు ఆగింది?" అన్నాడు ఛీఫ్, చొక్కా పట్టుకుని.

"కొత్త స్టిక్ కదా సార్. వేడెక్కింది."

రెండో ముద్ర కూడారు. సరిపోయింది. సరిపోకేం, ఫైలులో ఒక్క అక్షరం మారితేగా. అతిథి నోటు పుస్తకం లోపలి జేబులో పెట్టుకుని, నకలు లేనప్పుడు అసలు కూడా ఉండకూడదని చెప్పి, స్టిక్‌ని సుత్తితో పగలగొట్టమన్నాడు. సరే సార్, షట్‌డౌన్ చేసి ఇస్తానన్నాడు మెకానిక్. షట్‌డౌన్‌కి ముందు ఇరవై మూడు పేజీల మీదా సున్నాలు రాశాడు. మధ్యలో నకలు లేదు, రాసింది రాసినట్టు అసలు మీదే పడింది. చివరి పేజీతో మొదలుపెట్టాడు. మొదటి పేజీ చెరిగేటప్పుడు మేడమ్ అతని భుజం మీదుగా చూస్తూ నిలబడింది.

"ఇక నాకు ఎక్కడా పేజీ లేదు కదా?"

"లేదు మేడమ్."

"అయితే నేను వెళ్తాను." ఆమె కోటు బొత్తాలు పెట్టుకుని, లిఫ్టు కేసి చూసి, మెట్ల మీదుగా దిగిపోయింది. ఆ తర్వాత ఆమెని రెండు దేశాలూ వెతికాయి. ఇంకా వెతుకుతూనే ఉన్నాయని వినికిడి.

ఛీఫ్ సుత్తి తెచ్చి, ఖాళీ స్టిక్‌ని ఎంతో శ్రద్ధగా పిండి చేశాడు.

* * *

గడియారాల ముసలాయన ఆ రాత్రి నిద్రలో గుండె ఆగి పోయినట్టు మర్నాటి పేపర్లో వచ్చింది. జాబితాలో ఇరవై ఇద్దరు ముందే పోయారని, మిగిలినవాడు రహస్యం బయటపడిందని తెలిసి భయంతో చచ్చాడని అతిథి తన దేశానికి రిపోర్టు రాశాడు. ఆ రిపోర్టుకి అతనికి ప్రమోషన్ వచ్చింది. ఏడుగురి మీదా అనుమానం కొట్టేశారు. లిఫ్టు హత్యకి ఛీఫ్ రెండు వారాల్లో దొరికాడు. దొరికినప్పుడు కూడా కాఫీ మరక చొక్కాలోనే ఉన్నాడట.

ఆదివారం సాయంత్రం సూది ఇంట్లో ఫోను మోగింది. సూది ఎత్తాడు. అవతల చెల్లెలు మామూలుగానే పలకరించింది, వంటేమిటని అడిగింది.

"మా ఆఫీసులో గడియారాలు చూసే బాబాయిగారు పోయారన్నయ్యా. పేపర్లో పడ్డది నాచేతే వాళ్ల భాషలోకి రాయించారు. రాస్తుంటే కన్నీళ్లాగలేదు. ఆయనకి ఎవరూ లేరట."

సూది ఎదురుగా చూశాడు. పెద్దాయన, ఎవరూ కూర్చోమనకుండానే, కుర్చీలో కూర్చుని తనే కలుపుకున్న టీ తాగుతున్నాడు. ఇంట్లోంచి కదలకూడదని ఆఫీసు ఆర్డరు. ఈ ఇంట్లోంచని వాళ్లు రాయలేదుగానీ, ఆయన అలాగే అర్థం చేసుకున్నాడు.

"ఏమంటోంది?" అన్నాడాయన మెల్లగా.

సూది ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, మీకోసం ఏడుస్తోందని చెప్పాడు.

పెద్దాయన కప్పు కింద పెట్టాడు.

"వాళ్ల హాల్లో గడియారం రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. నేను పోయానని దాన్ని అలా వదిలెయ్యొద్దని చెప్పు."